పాన్‌దాన్, బీడీ కట్ట, కడుపులో బిడ్డ: గర్భిణులు పొగాకు మానేదెలా?

నెల్లూరు: కడుపుతో ఉన్న అమ్మాయి మొదటిసారి చెకప్‌కు వెళ్తుంది. బరువు, బీపీ, రక్తం అన్నీ చూశాక నర్సమ్మ అడుగుతుంది: "సిగరెట్, బీడీ ఏమైనా అలవాటుందా అమ్మా?" "అయ్యో, లేదండీ" అంటుంది అమ్మాయి. పక్కన కూర్చున్న అత్తగారు అసలు ఆ ప్రశ్నకే నొచ్చుకుంటారు. కార్డు మీద ఆ విషయం అక్కడితో అయిపోతుంది.

అమ్మాయి అబద్ధం చెప్పలేదు. కానీ పొద్దున టిఫిన్ అయ్యాక అత్తగారి పాన్‌దాన్ లోంచి జర్దా వేసిన పాన్ ఒకటి బుగ్గన పెట్టుకునే ఆసుపత్రికి బయల్దేరింది. రాత్రి భర్త మంచం మీద కూర్చుని తాగిన బీడీల పొగ ఆ గదిలోనే ఉంది. పళ్లు తోముకోవడానికి కొందరు ఇళ్లలో ఇంకా గుల్ వాడతారు. బిడ్డకు చేరే నికోటిన్‌కు ఇన్ని దారులుంటే, ఆసుపత్రిలో అడిగేది మాత్రం ఒక్క దారి గురించే. గర్భిణి పొగాకు మానడం అనే మాట ఈ తీరంలో మొదలవ్వాల్సింది సిగరెట్ దగ్గర కాదు, పాన్‌దాన్ దగ్గర.

లెక్కలూ ఇదే చెబుతున్నాయి. 2016-17లో దేశమంతటా జరిగిన పెద్దల పొగాకు వాడకం సర్వే ప్రకారం పొగ తాగే ఆడవాళ్లు 2 శాతమే. నమిలే, చప్పరించే, పళ్లకు రుద్దుకునే పొగాకు వాడే ఆడవాళ్లు 12.8 శాతం. అంటే పొగ గురించి మాత్రమే అడిగితే ఎక్కువమంది లెక్కలోకే రారు.

ఆంధ్ర తీరమంతా ఒకేలా ఉండదు. ఉత్తరాన శ్రీకాకుళం, విశాఖ వైపు చుట్టను వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని తాగే 'అడ్డపొగ' అలవాటు ఆడవాళ్లలో ఎక్కువ. 1971లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం అక్కడి పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించారు. అంగిలి మీద పుళ్లు, మచ్చలు, క్యాన్సర్‌కు ఆ అలవాటుతో ఉన్న సంబంధం అందులో కనిపించింది. నెల్లూరు వైపు ఆడవాళ్లలో అడ్డపొగ వినపడదు. ఇక్కడ ఆకు, వక్క, సున్నం, జర్దా. పల్లెల్లో పెద్దవాళ్లకు పొగాకు కాడ, పొడుం. మగవాళ్లకు బీడీ, సిగరెట్, ఖైనీ.

సున్నం చేసే పని

తమలపాకు వరకు గొడవ లేదు. దాని లోపల పెట్టేవాటితోనే చిక్కు. జర్దా అంటే సుగంధం కలిపిన పొగాకే. కివామ్ అంటే పొగాకును ఉడికించి తీసిన ముద్ద. వాసన బాగుంటుంది కాబట్టి చాలామంది ఆడవాళ్లు దాన్ని పొగాకుగా లెక్కేయరు. "నేను జర్దా వేసుకోను, కొంచెం కివామ్ అంతే" అనే మాట ఇళ్లలో మామూలే.

సున్నం ఎర్రగా పండటానికే అనుకుంటారు. అది ఇంకో పని కూడా చేస్తుంది. సున్నం కలిస్తే నోట్లో క్షారగుణం పెరుగుతుంది. అప్పుడు పొగాకులోని నికోటిన్ బుగ్గ లోపలి పలచని చర్మం గుండా తొందరగా రక్తంలోకి దిగుతుంది. బీడీ తాగినప్పుడు నికోటిన్ ఒక్కసారిగా పెరిగి, త్వరగా తగ్గుతుంది. పాన్ బుగ్గన పెట్టుకుంటే మెల్లగా పెరిగి చాలాసేపు నిలబడుతుంది. రాత్రి పాన్ నోట్లో ఉంచుకునే నిద్రపోయేవాళ్ల సంగతి చెప్పనక్కరలేదు, ఒంట్లోకి నికోటిన్ దిగుతూనే ఉంటుంది.

వక్కనూ వదిలిపెట్టడానికి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో వక్కను, పొగాకు కలవకపోయినా సరే, క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. వక్కకు కూడా అలవాటు పడతారు. "జర్దా మానేశాను, సాదా పాన్ వేసుకుంటున్నా" అంటే సగం దూరం వచ్చినట్టు. స్వీట్ సుపారీ పొట్లాలు, పాన్ మసాలా పొట్లాలు సోంపు లాంటివే అనుకుని గర్భిణులకు ఇచ్చేవాళ్లున్నారు. వాటిలో ఉండేదీ వక్కే.

గుల్ సంగతి వేరుగా చెప్పుకోవాలి. అది కాల్చిన పొగాకు పొడి. 1992 నుంచి టూత్‌పేస్టుల్లో, పళ్లపొడుల్లో పొగాకు కలపకూడదని నిబంధన ఉంది. గుల్‌ను పొగాకు సరుకుగానే అమ్ముతారు కాబట్టి డబ్బా మీద హెచ్చరిక బొమ్మ ఉంటుంది, కానీ వాడేవాళ్లకు అది పళ్లపొడి. చిగుళ్ల మీద రుద్దితే నికోటిన్ రక్తంలోకి వెళ్తుంది. అందుకే గుల్ రుద్దుకోకపోతే తల పట్టేసినట్టు ఉంటుందని అంటారు. శుభ్రమైన పళ్లకు అలాంటి బాధ ఉండదు.

బిడ్డకు చేరేది

మాయ అన్నిటినీ వడకట్టదు. నికోటిన్ మాయ దాటి బిడ్డ రక్తంలోకి వెళ్తుంది. అక్కడ దాని మోతాదు తల్లి రక్తంలో ఉన్నంత, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ ఉంటుంది. అది రక్తనాళాలను బిగిస్తుంది, మాయకు వెళ్లే రక్తం తగ్గుతుంది. పొగ అయితే ఇంకో విషం కూడా ఉంది, కార్బన్ మోనాక్సైడ్. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. బిడ్డకు వెళ్లాల్సిన ఆక్సిజన్ చోటును అది ఆక్రమిస్తుంది. నమిలే పొగాకులో ఈ వాయువు ఉండదు. నికోటిన్ మాత్రం ఉంటుంది.

నమిలే పొగాకు బిడ్డను ఏం చేస్తుందో మన దేశంలోనే బాగా పరిశీలించారు. ముంబైలో 1,217 మంది గర్భిణులను కాన్పు దాకా గమనించి 2004లో ఫలితాలు ప్రకటించారు. పొగలేని పొగాకు వాడిన తల్లుల బిడ్డలు సగటున 105 గ్రాములు తక్కువ బరువుతో పుట్టారు. కాన్పు సగటున 6 రోజులు ముందే వచ్చింది. నెలలు నిండకుండా పుట్టే అవకాశమూ పెరిగింది. అదే పరిశోధకులు తర్వాత చేసిన పరిశీలనలో కడుపులోనే బిడ్డ చనిపోయే ప్రమాదం ఈ తల్లుల్లో రెండు రెట్లకు పైగా కనిపించింది.

105 గ్రాములంటే ఏముందిలే, గుప్పెడు బియ్యమంత, అనిపించవచ్చు. పుట్టిన బిడ్డ 2,500 గ్రాముల కంటే తక్కువ ఉంటే వైద్యులు తక్కువ బరువు బిడ్డగా లెక్కేస్తారు. 2,560 గ్రాములతో పుట్టాల్సిన బిడ్డ 2,455తో పుడితే ఆ గీత కిందికి పోయినట్టే. వెచ్చదనం నిలవకపోవడం, పాలు సరిగ్గా తాగలేకపోవడం, ఇన్ఫెక్షన్లు, బేబీ వార్డులో రోజులు లెక్కపెట్టడం, ఇవన్నీ ఆ గీత కిందే ఎక్కువ. మన రాష్ట్రంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఆ పైన పొగాకు తోడైతే బిడ్డకు అందేది రెండు వైపుల నుంచీ తగ్గుతుంది.

పొగ తాగే తల్లుల్లో మాయ ముందుగానే విడిపోవడం, మాయ కిందికి ఉండటం, పుట్టాక బిడ్డ నిద్రలోనే హఠాత్తుగా చనిపోవడం వంటివి ఎక్కువని చాలా దేశాల్లో తేలింది.

భర్త బీడీ

తీరం వెంట ఇందుకూరుపేట, విడవలూరు, కోట, వాకాడు వైపు రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా ఉండేవాళ్లకు, పడవల మీద పోయేవాళ్లకు, లారీ తోలేవాళ్లకు బీడీ అంటే నిద్ర ఆపే మందు. తెల్లారి ఇంటికొచ్చాక కూడా అది ఆగదు. బీడీ చిన్నది కదా, సిగరెట్ కంటే నయం అని ఒక నమ్మకం. నిజానికి బీడీకి ఫిల్టర్ ఉండదు, తునికాకు సరిగ్గా మండదు, ఆరిపోకుండా గట్టిగా, మాటిమాటికీ పీల్చాలి. పొగలో నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్ తక్కువేమీ ఉండవు.

బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడం మీద 2008 అక్టోబర్ 2 నుంచి దేశమంతా నిషేధం అమల్లో ఉంది. బస్టాండులో తాగితే 200 రూపాయల వరకు జరిమానా వేయొచ్చు. ఇల్లు ఆ చట్టం కిందికి రాదు. అందుకే గర్భిణి పీల్చే పొగలో ఎక్కువ భాగం ఇంట్లోదే అవుతుంది. కిటికీ తెరవడం, ఫ్యాన్ వేయడం, పక్క గదిలో తాగడం పొగను తగ్గిస్తాయి గానీ తీసేయలేవు. గడప బయట, వాకిలి దాటి తాగాలి. బీడీ అయ్యాక చేతులు, నోరు కడుక్కుని, వీలైతే చొక్కా మార్చుకుని లోపలికి రావాలి. ఇది కోడలు అడిగితే ఎదురు చెప్పినట్టు అవుతుంది. అందుకే ఈ మాట అత్తగారి నోట, మామగారి నోట రావాలి. "బాబూ, పాప పుట్టేదాకా బీడీ వాకిలి బయటే" అని అమ్మ చెబితే కాదనే కొడుకులు తక్కువ.

పొగాకు పనికి వెళ్లే ఆడవాళ్లు

ఈ ప్రాంతానికి పొగాకుతో ఉన్న బంధం నోటితో ఆగదు. కందుకూరు, కలిగిరి, డి.సి.పల్లి అనగానే పొగాకు వేలం కేంద్రాలు గుర్తొస్తాయి. జనవరి నుంచి మార్చి దాకా ఆకు కోయడం, పుల్లలకు అల్లడం, బ్యారన్‌లో కాల్చడం, తర్వాత గ్రేడింగ్ పనులు నడుస్తాయి. అల్లడం, గ్రేడింగ్ ఎక్కువగా ఆడవాళ్ల పనే.

పచ్చి పొగాకు, అందులోనూ మంచుకో వానకో తడిసిన ఆకు, చేతులకు తగిలితే నికోటిన్ చర్మం గుండానే ఒంట్లోకి వెళ్తుంది. తల తిరగడం, వాంతులు, తలనొప్పి, నీరసం వస్తాయి. దీన్ని పచ్చి పొగాకు జబ్బు అంటారు. కడుపుతో ఉన్న మనిషికి ఇవే లక్షణాలు వేవిళ్లవి కూడా కావడంతో ఎవరూ పట్టించుకోరు. పనికి వెళ్లిన రోజు ఎక్కువై, వెళ్లని రోజు తగ్గితే అనుమానించాలి. వీలుంటే ఆ నెలల్లో ఆ పని వదిలేయడమే మేలు. కుదరని ఇళ్లలో కనీసం చేతికి తొడుగులు, నిండు చేతుల జాకెట్టు, తడి ఆకు ముట్టకపోవడం, పని అవ్వగానే సబ్బుతో కడుక్కోవడం, బట్టలు మార్చుకోవడం చేయాలి. పనిబట్టలు మిగతా బట్టలతో కలపకూడదు.

మానితే ఏమవుతుంది

మానడానికి మంచి ముహూర్తం గర్భం రాకముందు. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగకు వచ్చి స్వర్ణాల చెరువులో సంతాన రొట్టె పట్టుకునే జంటలు ఏటా వేలల్లో ఉంటారు. ఆ రొట్టె తీసుకున్న రోజే భార్య పాన్, భర్త బీడీ వదిలేస్తే అంతకంటే మంచి సమయం లేదు. మగవాడి పొగ కూడా సంతానం మీద ప్రభావం చూపుతుంది, వీర్యకణాలు దెబ్బతింటాయి.

అప్పటికే నెల తప్పి ఉంటే? ఆలస్యమేమీ కాలేదు. న్యూజిలాండ్, ఆస్ట్రేలియాలలో తొలిచూలు గర్భిణులు 2,504 మందిని పరిశీలించి 2009లో ప్రచురించిన ఫలితం గుర్తుంచుకోదగ్గది. 15 వారాల లోపు పొగ మానేసినవాళ్లకు నెలలు నిండని కాన్పు, బిడ్డ ఎదుగుదల తగ్గడం అనే ప్రమాదాలు ఎప్పుడూ తాగనివాళ్లతో సమానంగా ఉన్నాయి. మానకుండా కొనసాగించినవాళ్లకు ఎక్కువ ఉన్నాయి. అంటే నాలుగో నెల మధ్యకు వచ్చేలోపు మానితే నష్టం దాదాపు పూడుతుంది. ఆ తర్వాత మానినా లాభమే. బిడ్డ బరువు ఎక్కువగా పెరిగేది చివరి మూడు నెలల్లోనే కాబట్టి ఏడో నెలలో సత్‌వాసా నాడు మానినా బిడ్డకు అందేది పెరుగుతుంది.

ఇళ్లలో వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. వాటికి జవాబు దొరక్కపోతే ఏ సలహా పనిచేయదు.

"అలవాటైన ఒంటికి ఒక్కసారిగా మానితే కడుపు నిలవదు." ఇది చాలామందిని ఆపేసే భయం. ఒక్కసారిగా మానడం వల్ల గర్భం పోదు. తల్లికి చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం రావచ్చు, బిడ్డకు మాత్రం ఆ క్షణం నుంచి మేలే.

"బిడ్డ చిన్నగా ఉంటే కాన్పు సులువు." తక్కువ బరువు బిడ్డ అంటే చిన్న తల ఉన్న ఆరోగ్యవంతుడు అని కాదు, ఆకలితో ఎదిగిన బిడ్డ. కాన్పు సులువవుతుందన్న హామీ ఏమీ లేదు, కాన్పు తర్వాత కష్టాలు మాత్రం ఖాయంగా పెరుగుతాయి.

"మా అత్త పది మందిని కన్నది, పాన్ మానలేదు." ఆ పది మందిలో ఎంతమంది మిగిలారని అడగడం మర్యాద కాదు గానీ, ఆ తరంలో చాలా ఇళ్లలో ఆ లెక్క పూర్తిగా చెప్పరు.

"పొద్దున పాన్ పడకపోతే కడుపు కదలదు." ఈ మాటలో నిజం ఉంది. నికోటిన్ పేగులను కదిలిస్తుంది. మానిన మొదటి వారాల్లో మలబద్ధకం వస్తుంది. గర్భంలో అది ఎలాగూ ఉంటుంది, ఐరన్ మాత్రలతో ఇంకొంచెం పెరుగుతుంది. ముందే తెలిస్తే సర్దుకోవచ్చు: పొద్దున లేవగానే గోరువెచ్చని నీళ్లు, రాత్రి నానబెట్టిన అంజీర్ లేదా ఎండు ద్రాక్ష, ఆకుకూర, జామ, రోజూ కొంత నడక. అయినా తగ్గకపోతే డాక్టరును అడిగితే గర్భిణులకు సరిపడే మందు ఇస్తారు. ఐరన్ మాత్రలు మాత్రం ఆపకూడదు.

"వాంతులకు పాన్ మంచిది." నోట్లో రుచి మారడం వల్ల కాసేపు హాయిగా అనిపిస్తుంది. అల్లం ముక్క, నిమ్మ చెక్క ఆ పని చేస్తాయి.

మొదటి పది రోజులు

చివరి పాన్ తర్వాత రెండు మూడు రోజులు అన్నిటికంటే కష్టం. ఆ తర్వాత తగ్గుతూ రెండు నుంచి నాలుగు వారాల్లో ఒళ్లు సర్దుకుంటుంది. కోరిక వచ్చినప్పుడు అది గంటలపాటు ఉండదు, కొన్ని నిమిషాల్లో తగ్గిపోతుంది. ఆ కొన్ని నిమిషాలు గడిపే ఉపాయమే కావాలి.

ముందుగా ఎప్పుడు వేసుకుంటున్నారో రెండు రోజులు గమనించాలి. చాలామందికి సమయాలు ఒకేలా ఉంటాయి: టిఫిన్ తర్వాత, మధ్యాహ్నం భోజనం తర్వాత, సాయంత్రం పక్కింటివాళ్లు వచ్చినప్పుడు, రాత్రి పడుకునే ముందు. ఒక రోజు అనుకుని ఆ రోజు నుంచి పూర్తిగా ఆపాలి. తగ్గించుకుంటూ పోతే ఉన్న పాన్‌నే ఎక్కువసేపు నోట్లో ఉంచుకుంటారు, ఉన్న బీడీనే గట్టిగా పీల్చుకుంటారు, లెక్క తగ్గినా ఒంట్లోకి వెళ్లేది అంత తగ్గదు. ఆపలేకపోతే తగ్గించడం మంచిదే, దాన్ని గమ్యంగా మాత్రం పెట్టుకోకూడదు.

నోరు ఖాళీగా ఉండటమే పెద్ద కష్టం. చిటికెడు సోంపు, ఒక యాలక, లవంగం, ఎండు ఉసిరి ముక్క, ఖర్జూరం దగ్గర పెట్టుకోవచ్చు. భోజనం అవ్వగానే పళ్లు తోముకుంటే నోట్లో ఆ రుచి కోరడం తగ్గుతుంది. చేతికి పని ఉండాలి, ఒకరు చెమ్కీ పని చేసుకుంటారు, ఒకరు బియ్యం ఏరుకుంటారు. మధ్యాహ్నం పాన్ సమయానికి మంచం మీద కూర్చోకుండా వాకిట్లో నాలుగు అడుగులు వేస్తే సగం గండం గడిచినట్టే.

ఇవన్నీ ఒకవైపు, పాన్‌దాన్ ఒకవైపు. కళ్ల ముందు మూత తెరిచి ఉంటే ఏ సోంపూ ఆపలేదు. పాన్‌దాన్‌ను పెద్దావిడ గదిలోకి మార్చాలి. ఆమె మానలేకపోతే కోడలి ఎదుట వేసుకోకుండా ఉండాలి, కోడలి చేత ఆకు చుట్టించుకోకూడదు. దావత్‌లో బిర్యానీ తర్వాత పాన్ పళ్లెం తిరిగినప్పుడు "ఈ పిల్లకు వద్దు" అనే మాట పెద్దవాళ్లే అంటే, ఆ పిల్ల అందరి ముందు కారణం చెప్పుకోనక్కరలేదు. ఇంకా మూడు నెలలు నిండనివాళ్లకు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే అప్పటికి చాలామంది ఆ సంగతి బయటపెట్టరు.

ఒకరోజు ఓర్చుకోలేక వేసుకుంటే? వెంటనే ఉమ్మేసి, నోరు కడుక్కుని, మళ్లీ ఆ నిమిషం నుంచే మొదలు. ఒక పాన్‌తో మానింది పాడవదు. "ఎలాగూ చెడింది కదా" అని రెండోది వేసుకుంటేనే పాడవుతుంది.

గమ్, మాత్రలు వాడొచ్చా?

మందుల షాపులో నికోటిన్ గమ్ దొరుకుతుంది, 2 మిల్లీగ్రాములది చీటీ లేకుండానే ఇస్తారు. గర్భిణి దాన్ని సొంతంగా కొని వాడకూడదు. అందులో ఉన్నదీ నికోటినే. గర్భిణులకు గమ్, ప్యాచ్ ఇవ్వాలా వద్దా అనే విషయంలో 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అటూ ఇటూ సిఫార్సు చేయలేదు. బుప్రోపియాన్, వరెనిక్లిన్ అనే మాత్రలు మాత్రం గర్భిణులకు వద్దంది. మొదటి చికిత్స మాటే, అంటే కూర్చోబెట్టి మాట్లాడటం, మళ్లీ మళ్లీ పలకరించడం. రోజుకు ఎన్నో పాన్‌లు వేసుకుంటూ ఏ విధంగానూ ఆపలేకపోయేవాళ్ల విషయంలో డాక్టరు లాభనష్టాలు చూసి నిర్ణయిస్తారు. భర్తకు ఈ అడ్డంకులు లేవు, డాక్టరు సలహాతో గమ్ గానీ మాత్రలు గానీ వాడుకోవచ్చు.

మాట్లాడటానికి మనిషి కావాలంటే జాతీయ క్విట్‌లైన్ ఉంది: 1800-112-356. ఫోన్ ఉచితం. 2018 నుంచి బీడీ కట్టల మీద, సిగరెట్ పెట్టెల మీద, జర్దా డబ్బాల మీద అచ్చు వేస్తున్నది ఈ నంబరే. దక్షిణాది భాషలవాళ్ల కోసం బెంగళూరులోని నిమ్హాన్స్ నుంచి కౌన్సెలర్లు మాట్లాడతారు. 011-22901701కు మిస్డ్ కాల్ ఇస్తే మానడానికి సాయపడే సందేశాలు ఫోన్‌కు వస్తాయి. ఊళ్లో అయితే ఆశా కార్యకర్త, ఏఎన్ఎం ఉన్నారు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేకంగా డాక్టరు చెకప్ ఉంటుంది. ఆ రోజు అడిగినా అడగకపోయినా "నేను జర్దా వేసుకుంటాను", "మా ఇంట్లో బీడీ తాగుతారు" అని ముందే చెప్పేస్తే బిడ్డ ఎదుగుదల మీద డాక్టరు కన్ను వేస్తారు. ఈ ఒక్క వాక్యం చెప్పడానికి సిగ్గుపడే తల్లులే ఎక్కువ. పాన్ మన ఇళ్లలో మర్యాద, ఆతిథ్యం. దాని గురించి చెప్పుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏముంది?

రంజాన్ చూపించే దారి

"నా వల్ల కాదు" అనే భర్తలు ఒక లెక్క వేసుకోవచ్చు. నెల్లూరులో రోజా సుమారు 13 గంటలు. ఒంట్లోని నికోటిన్ దాదాపు రెండు గంటలకోసారి సగం తగ్గుతుంది. అంటే ఇఫ్తార్ వేళకు రక్తంలో మిగిలేది నూటికి ఒక వంతు. ముప్పై రోజులపాటు ప్రతిరోజూ ఆ మనిషి దాదాపు నికోటిన్ లేని ఒంటితో పని చేశాడు, నమాజుకు వెళ్లాడు, చెరువు దగ్గర కాపలా కాశాడు. కష్టమైన గంటలు గడిపే శక్తి ఉందని ఏటా రుజువవుతోంది. చిక్కంతా ఖర్జూరం తిన్న పది నిమిషాలకు వెలిగించే మొదటి బీడీతో, తరావీ అయ్యాక చాయ్ కొట్టు దగ్గర వెలిగించే రెండోదానితో. ఆ రెండు చోట్లా ఏం చేయాలో ముందే అనుకుంటే, ఇఫ్తార్ అవ్వగానే ఇంట్లోనే చాయ్ తాగడం, తరావీ నుంచి నేరుగా ఇంటికి రావడం లాంటివి, రంజాన్‌లో మానడం మిగతా నెలల కంటే సులువు. భర్త మానిన ఇళ్లలో భార్యకు మానడం కూడా సులువవుతుంది. ఇది చాలా దేశాల్లో కనిపించిన విషయమే.

గర్భిణి రోజా ఉండాలా వద్దా అన్నది వేరే విషయం, డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాల్సింది. పొగాకు మానడానికని మాత్రం రోజాలు పెట్టుకోనక్కరలేదు.

చిల్లాలో జాగ్రత్త

తొమ్మిది నెలలు ఓర్చుకున్నవాళ్లలో చాలామంది కాన్పు అయ్యాక ఏడాది లోపు మళ్లీ మొదలుపెడతారు. మన ఇళ్లలో దానికి తేదీ కూడా చెప్పొచ్చు. పుట్టింట్లో చిల్లా నలభై రోజులు. బాలింతకు అరుగుదలకని భోజనం కాగానే తాంబూలం ఇవ్వడం తెలుగు నేల మీద అన్ని మతాల ఇళ్లలో ఉన్న ఆచారమే. నానీ ప్రేమగా ఆకు చుట్టి ఇస్తుంది, "పాలు బాగా పడతాయి, వేసుకో బేటీ" అంటుంది. మొదట ఆకు, సున్నం. నాలుగో రోజు వక్క. పదో రోజుకు జర్దా.

పాలలోకి నికోటిన్ వెళ్తుంది. బిడ్డకు చిరాకు, నిద్ర సరిగ్గా పట్టకపోవడం కనిపిస్తాయి. అయినా ఇక్కడ ఒక తప్పు చేయకూడదు: తల్లి మళ్లీ మొదలుపెట్టిందని బిడ్డకు తల్లిపాలు ఆపేసి డబ్బాపాలు పట్టకూడదు. పాలు ఇస్తూనే మానాలి. అప్పటిదాకా వేసుకున్న వెంటనే పాలివ్వకుండా, పాలిచ్చాక వేసుకుని, మళ్లీ పాలిచ్చే వేళకు వీలైనంత ఎడం ఉండేలా చూసుకోవాలి. పొగ తాగేవాళ్లు, తల్లి అయినా తండ్రి అయినా, బిడ్డతో ఒకే మంచం మీద పడుకోకూడదు. నిద్రలో హఠాత్తుగా బిడ్డ చనిపోయే ప్రమాదం అలాంటి మంచం మీద ఎక్కువ.

అరుగుదలకైతే వాము నీళ్లు, సోంపు, సొంఠి ఎలాగూ బాలింత వంటలో ఉంటాయి. ఆకు కావాలనే పట్టుంటే వక్క, జర్దా లేని ఒట్టి తమలపాకు చాలు. కూతురు కాన్పుకు వచ్చేముందే ఆ మాట పుట్టింటికి ఫోన్ చేసి చెప్పి ఉంచితే మంచిది. అల్లుడు చెబితే బాగోదు, వియ్యపురాలు చెబితే నానీ వింటుంది.